బరువు తగ్గాలి, కడుపు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది హనుమకొండ. వయసు 37. పరకాల దగ్గర ఒక ఊళ్లో సర్కారు బడిలో టీచర్‌ను. రోజూ బస్సులోనే పోయి వస్తాను. ఆరేళ్ల కింద పరీక్షలన్నీ చేసి నాకున్నది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగు చికాకు జబ్బు) అని డాక్టర్లు తేల్చారు. కడుపు ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, పొద్దున మూడు నాలుగు సార్లు పలచగా విరేచనాలు. బస్సులో ఇబ్బంది పడతానన్న భయంతో పొద్దున ఏమీ తినను, మధ్యాహ్నం బాక్సు కూడా సగమే తింటాను. నా ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. ఈమధ్య రక్తపరీక్షలో మూడు నెలల చక్కెర సగటు 6.1 వచ్చింది, మోకాళ్లు కూడా నొస్తున్నాయి, కనీసం పది కిలోలు తగ్గమన్నారు. ఒక స్నేహితురాలు పంపిన డైట్ చార్టు మొదలుపెట్టాను: లేవగానే తేనె, నిమ్మరసం నీళ్లు, తర్వాత మొలకెత్తిన శనగలు, బొబ్బర్లు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు, సాయంత్రం ఆపిల్, రాత్రి పాలలో ఓట్స్, మధ్యలో ఆకలైతే షుగర్ ఫ్రీ బిస్కెట్లు. పన్నెండో రోజు గుడెప్పాడ్ క్రాస్‌రోడ్డు దగ్గర బస్సు ఆపించుకుని దిగాల్సి వచ్చింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు. ఐబీఎస్ ఉన్నవాళ్లు సన్నగా ఉంటారు కదా, నీకున్నది అది కాదేమో అని మావారు అంటున్నారు. నేను బరువు తగ్గడం అసలు కుదురుతుందా? సర్వపిండి లాంటివి జన్మలో మళ్లీ తినకూడదా?

సమాధానం: బరువు తగ్గడం కుదురుతుంది. అయితే మీరు ఎంచుకున్న దారిలో కుదరదు, ఆ దారి ఎంచుకున్నందుకు మిమ్మల్ని తప్పు పట్టడానికీ లేదు, ఎందుకంటే బరువు తగ్గాలనుకునే ప్రతివారి చేతికీ మన దగ్గర దాదాపు ఇదే చార్టు వస్తుంది. ఆహార సలహాలిచ్చే ఈ వృత్తిలోకి నేను వచ్చిన కొత్తలో, కడుపు సంగతి అడగకుండానే, ఇంచుమించు ఇలాంటిదే ఎందరికో రాసి ఇచ్చాను. అందులో కొందరు మళ్లీ నా దగ్గరికి రాలేదు. వాళ్లు ఎందుకు రాలేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ముందు మీ వారి సందేహం తీరుద్దాం. ఐబీఎస్‌లో పేగుకు పుండు గానీ వాపు గానీ ఉండదు. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాలు అదుపు తప్పి, పేగు కదలికల తీరు మారుతుంది, మామూలువాళ్లకు తెలియనైనా తెలియని కొద్దిపాటి గాలి కూడా నొప్పిగా తోస్తుంది. తిన్న అన్నంలోని పోషకాలను చిన్నపేగు ఎప్పటిలాగే పీల్చుకుంటుంది కాబట్టి విరేచనాలు అవుతున్నాయి కదా అని బరువు తగ్గదు. ఐబీఎస్ ఉండి లావుగా ఉన్నవారు, సన్నగా ఉన్నవారు, మధ్యరకంగా ఉన్నవారు అందరూ ఉంటారు. నిజానికి వైద్యులు కంగారుపడేది దీనికి తిరగబడిన సందర్భంలోనే: ఐబీఎస్ అనుకున్న మనిషి ఏ ప్రయత్నమూ చేయకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపల తన బరువులో 5 శాతం గానీ అంతకు మించి గానీ కోల్పోతే, మలంలో రక్తం కనిపిస్తే, జ్వరం వస్తుంటే, రక్తహీనత బయటపడితే, విరేచనం నిద్రలోంచి లేపుతుంటే అది ఐబీఎస్ ఖాతాలో వేసి ఊరుకోవలసిన విషయం కాదు. పేగు టీబీ మన దేశంలో ఇంకా ఉంది. పేగు వాపు జబ్బులు, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, పెద్దపేగు క్యాన్సర్ కూడా ఇలాగే మొదలుకావచ్చు. మీకు పరీక్షలు చేసి ఆరేళ్లయింది కాబట్టి, చక్కెర పరీక్షకు మళ్లీ వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోండి.

ఇప్పుడు మీ చార్టు. మన చిన్నపేగు సరిగా పీల్చుకోలేని కొన్ని చిన్న చిన్న పిండిపదార్థాలు, చక్కెరలు ఉంటాయి. అవి పేగులోకి నీటిని లాగుతాయి, పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. అందరికీ జరిగేదే ఇది. సున్నితమైన పేగున్న మీకు అదే మెలిపెట్టే నొప్పి అవుతుంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరపు మొనాష్ విశ్వవిద్యాలయం వారు ఈ పదార్థాలన్నింటినీ ఒక గుంపుగా కట్టి ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. 2005 నుంచి ఆ మాట వాడుకలో ఉంది. ఈ గుంపులో ఉన్నవి ఐదు రకాలు. గోధుమ, ఉల్లిగడ్డ, ఎల్లిపాయలలో ఉండే ఫ్రక్టాన్లు ఒకటి, శనగలు, బొబ్బర్ల లాంటి పప్పుధాన్యాలలోవి ఒకటి, పాలలోని లాక్టోజ్ ఒకటి, తేనెలోనూ ఆపిల్‌లోనూ మోతాదుకు మించి ఉండే ఫ్రక్టోజ్ ఒకటి, షుగర్ ఫ్రీ బిస్కెట్లలో తీపి కోసం కలిపే సార్బిటాల్, మాల్టిటాల్ వంటివి ఒకటి. మీ చార్టు చేతిలో పట్టుకుని ఇది ఇంకోసారి చదవండి. పొద్దున్నుంచి రాత్రిదాకా ఐదింటిలో ఒక్కటీ వదలలేదు. పేగు మీద పగబట్టినవాళ్లు కూర్చుని రాసినా ఇంత పకడ్బందీగా రాయలేరు! ఆరోగ్యవంతుడికి అవన్నీ మంచి ఆహారాలే, ఆ మాట కాదనను. మీ కడుపుకు మాత్రం అవి అన్నీ ఒకే రోజున వచ్చి పడ్డాయి, మీరు పన్నెండు రోజులు ఓర్చుకోవడమే గొప్ప.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది చార్టు కాదు, దానికి ముందు మీరు తేలిగ్గా రాసేసిన ఒక వాక్యం: పొద్దున ఏమీ తినను, బాక్సు సగమే తింటాను. మరి బడి నుంచి ఇంటికి చేరాక ఏం జరుగుతుందో మీరు రాయలేదు. నాకు తెలిసినంతలో జరిగేది ఇది. ఐదున్నరకు తాళం తీసి, చెప్పులు విడిచి, చీర కూడా మార్చుకోకముందే వంటింట్లోకి వెళ్లి డబ్బాలో ఉన్న మురుకులో, మిక్చరో గుప్పెడు తీసుకుని నిలబడే తింటారు, చాయలో రెండు చెంచాల చక్కెర పడుతుంది, రాత్రి ఎనిమిదిన్నరకు రోజంతటి ఆకలీ కలిపి కంచం నిండుగా అన్నం పెట్టుకుంటారు. నేను పొరపడి ఉంటే మన్నించండి. ఇదే నిజమైతే మీ బరువుకూ, మీ పొద్దుటి విరేచనాలకూ ముడి అక్కడే ఉంది. పొట్టలో అన్నం పడగానే పెద్దపేగు కదలడం మనిషి ఒంటి సహజగుణం; భోజనం ఎంత పెద్దదైతే, నూనె ఎంత ఎక్కువైతే ఆ కదలిక అంత బలంగా ఉంటుంది. రోజంతా ఖాళీగా ఉంచి రాత్రి ఒకేసారి నింపితే పేగుకు అది దెబ్బే. బస్సు భయం మిమ్మల్ని పస్తు ఉంచుతోంది, పస్తు మిమ్మల్ని రాత్రి ఎక్కువ తినిపిస్తోంది, ఆ తిండి మర్నాటి పొద్దున మళ్లీ బస్సు భయాన్ని తెస్తోంది.

అందుకని మొదటి రెండు వారాలు బరువు ఊసే ఎత్తకండి. ఆ సహజగుణాన్నే మనవైపు తిప్పుకుందాం. ఇప్పటికన్నా ముప్పావుగంట ముందు లేవండి. గోరువెచ్చని నీళ్లు తాగి, ఏదైనా చిన్నగా, వేడిగా తినండి: రెండు చిన్న ఇడ్లీలు పల్లి చట్నీతోనో, ఒక ఉడికిన గుడ్డూ కాస్త అన్నమో సరిపోతుంది. ఇడ్లీలో మినప్పప్పు ఉంది కదా అని అనుమానం రావచ్చు. పులిసిన పిండి, అదీ రెండు ఇడ్లీల మేరకు, చాలామందికి పడుతుంది, మీకు పడకపోతే గుడ్డు ఉండనే ఉంది. తిన్న అరగంటకు, ముప్పావుగంటకు పేగు కదులుతుంది, ఆ పని ఇంట్లోనే, తలుపు వేసుకుని, తొందర లేకుండా అవుతుంది. మొదటి నాలుగైదు రోజులు భయం వేస్తుంది కాబట్టి ఈ ప్రయోగం ఆదివారమో, సెలవుల్లోనో మొదలుపెట్టండి. బస్సు ఎక్కే రోజుల్లో అవసరానికి ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్ర గురించి మీ డాక్టరును అడగండి. అది సంచీలో ఉందన్న ధైర్యానికే సగం రోజులు దాని అవసరం పడని మనుషులను నేను చూశాను.

ఈ రెండు వారాల్లోనే చార్టులోని వస్తువులన్నీ ఆపేసి, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, గోధుమ, శనగలు, పాలు, తేనె, ఆపిల్, మామిడి, పుచ్చకాయ, క్యాలీఫ్లవర్ పక్కన పెట్టండి. ఇది శాశ్వతం కాదన్నది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ పద్ధతిలో రెండు నుంచి ఆరు వారాలు మానేయడం మొదటి మెట్టు మాత్రమే. తర్వాత ఒక్కొక్క రకాన్నీ విడిగా, మూడు రోజులపాటు కొద్దికొద్దిగా పెంచుతూ తిని చూసి, ఏది పడదో తేల్చుకుని మిగతావన్నీ తిరిగి కంచంలోకి తెచ్చుకోవాలి. ఐదు రకాలూ పడనివారు అరుదు. అన్నీ భయపడి జీవితాంతం మానేసినవాళ్లు నీరసించి, చివరికి తిండి అంటేనే భయపడే స్థితికి వస్తారు, పేగులోని మంచి సూక్ష్మజీవులు కూడా ఆకలితో తగ్గిపోతాయి. మన ఇళ్లలో ఉల్లి, ఎల్లి లేకుండా కూర ఎట్లా అంటారేమో. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి పోపులో ఎల్లిపాయలు వేయించి, ఎర్రబడగానే తీసి పారేసి, ఆ నూనెలో కూర వండితే వాసన ఉంటుంది, బాధ ఉండదు. ఉల్లిగడ్డకు బదులు ఉల్లిపొరకలో పచ్చటి కొసలు మాత్రం తరిగి వేసుకోండి, తెల్లటి మొదలు వద్దు. పప్పులో ఇంగువ సరిపోతుంది. పచ్చిపులుసు తాగితే పడదనేవారిలో చాలామందికి బాధపెట్టేది చింతపండు కాదు, అందులో పిసికి వేసే పచ్చి ఉల్లిగడ్డ.

కారం సంగతి వేరు. అది పులిసేది కాదు, కానీ మిరపలోని క్యాప్సైసిన్ పేగులో నొప్పిని పసిగట్టే నరాలను నేరుగా తాకుతుంది. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో ఉండి కారం మానండి అని చెప్పే ధైర్యం నాకు లేదు. అదే మార్కెట్‌కు వచ్చే చపాటా మిర్చిని కొని పట్టించుకోండి. చూడ్డానికి బొద్దుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు గాఢంగా ఇస్తుంది, ఘాటు తక్కువ. కూర ఎర్రగానే ఉంటుంది, ఇంట్లో ఎవరికీ చప్పగా తినిపించామన్న అపవాదు రాదు.

కడుపు కాస్త కుదురుకున్నాక, అంటే మూడో వారం నుంచి, బరువు పని. ఇక్కడ నేను మీకు కొత్త ఆహారం ఏదీ చెప్పడం లేదు. మీ కడుపు ఇప్పటికే ఒప్పుకున్న వాటిలోనే కొలత తగ్గించాలి. బరువు తగ్గాలంటే అన్నం మానాలి అని అందరూ అంటారు, మీ విషయంలో అది తలకిందులు సలహా. ధాన్యాలన్నింటిలో దాదాపు పూర్తిగా చిన్నపేగులోనే అరిగి, తక్కువ గాలి పుట్టించేది వరి అన్నమే. దాన్ని మాన్పించి గోధుమ పుల్కా పెట్టడం మీకు చేసిన మొదటి అన్యాయం. రాత్రి పూట మార్పు కావాలంటే ఒక జొన్నరొట్టె మంచిది, జొన్నలో ఆ ఫ్రక్టాన్ల బెడద లేదు. అయితే పీచు ఎక్కువ కాబట్టి ఒకటితో మొదలుపెట్టండి.

లెక్క చూడండి. వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 క్యాలరీలు. రాత్రి కంచంలో ఒక చిన్న గిన్నెడు, అంటే 150 గ్రాములు తగ్గిస్తే సుమారు 200 క్యాలరీలు. మీ వంతు కూరలో రోజుకు రెండు చెంచాల నూనె తగ్గితే 90. రోజుకు నాలుగు చాయలు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర అనుకుంటే, వాటిని రెండు చాయలకు, ఒక్కో చెంచాకు తెస్తే మరో 100. చాయ తగ్గడం కడుపుకు కూడా మేలే, రోజుకు మూడు కప్పులకు మించవద్దని ఐబీఎస్ ఉన్నవారికి చెబుతారు. మొత్తం రోజుకు 390. ఒక కిలో కొవ్వు కరగడానికి సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి కాబట్టి కాగితం మీద ఇది నెలకు కిలోన్నర. ఒళ్లు కాగితంలా నడవదు కనుక కిలో అనుకోండి. తక్కువ అనిపిస్తుందని తెలుసు. కానీ మీ బరువులో 5 శాతం, అంటే 3.8 కిలోలు తగ్గినా చక్కెర మీద తేడా కనిపించడం మొదలవుతుంది, మోకాళ్లకు తెలుస్తుంది. మీ మొదటి గురి 72. ఆ పది కిలోల మాట 72 చేరాక మాట్లాడుకుందాం. వారానికి రెండు కిలోలు దింపే పద్ధతులు ఏవైనా మీ పేగును మళ్లీ గుడెప్పాడ్ దగ్గరికే తీసుకుపోతాయి.

తగ్గించిన అన్నం చోటును ఖాళీగా ఉంచితే పదిన్నరకు మళ్లీ మిక్చర్ డబ్బా తెరుస్తారు. ఆ చోటులో గుడ్డు, చేప, తోలు తీసిన కోడికూర పెట్టండి. వీటిలో ఫాడ్‌మ్యాప్‌లు ఉండవు, వీటిలోని మాంసకృత్తులు ఆకలిని ఎక్కువసేపు ఆపుతాయి, వేపుడు కాకుండా పులుసుగానో, తక్కువ నూనె కూరగానో వండాలి. శాకాహారం రోజుల్లో పెసరపప్పు పలచగా ఒక గరిటె. కందిపప్పు అయితే రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండండి, గాలి పుట్టించే వాటిలో కొంత భాగం ఆ నీళ్లతోనే పోతుంది. క్యారెట్, బీన్స్, వంకాయ, దోసకాయ, పాలకూర చాలామందికి పడతాయి. బీరకాయ, సొరకాయ కూడా నేను చూసినంతలో పేచీ పెట్టవు. ఏవైనా ఉడికించి తినండి, పచ్చి సలాడ్ గిన్నెల జోలికి ఇప్పుడే వద్దు. పండ్లు బొప్పాయి, కమలా, దోరగా ఉన్న అరటిపండు, ఒక పూటకు ఒకటే. పెరుగు బాగా తోడుకున్నది కొద్దిగా తిని చూడండి. పీచు కోసం గోధుమ తవుడు కలుపుకోకండి, అది ఉబ్బరాన్ని పెంచుతుంది. ఇసబ్‌గోల్ అరచెంచాతో మొదలుపెట్టి నిండు గ్లాసు నీళ్లతో తీసుకోండి, అది పలచటి విరేచనాన్ని గట్టిపరుస్తుంది, మలబద్ధకం ఉన్నవారికీ పనికొస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. సద్దుల బతుకమ్మ నాటి సద్దులు చూడండి: పెరుగన్నం, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, నిమ్మకాయ సద్ది. నైవేద్యం కనుక ఉల్లి, ఎల్లి వేయరు. అంతా వరి అన్నం. మీ డైట్ చార్టు కన్నా మన అమ్మలక్కల సద్దిమూట మీ పేగుకు ఎన్నో రెట్లు దగ్గర. పప్పులు, నూనె ఎక్కువ పడతాయి కాబట్టి ఒక్కోటి పిడికెడు చాలు.

తూకం యంత్రాన్ని వారానికి ఒకసారికి మించి ఎక్కకండి. మీలాంటివారికి నీరు, మలం, ఉబ్బరం వల్ల రెండు రోజుల తేడాలో ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఊగడం మామూలు. ఉబ్బరానికీ కొవ్వుకూ తేడా మీ లంగా నాడాయే చెబుతుంది: పొద్దున వదులుగా ఉండి సాయంత్రానికి కోసుకుపోతుంటే అది గాలి, పొద్దునా సాయంత్రం ఒకేలా బిగుతుగా ఉంటే కొవ్వు. లేచి, కాలకృత్యం తీరాక, నడుము చుట్టుకొలత టేపుతో తీసి రాసుకోండి. మన ఆడవారికి 80 సెంటీమీటర్ల లోపల ఉండాలంటారు. తూకం కన్నా ఆ అంకె నమ్మదగింది.

నడక తప్పదు, కానీ పరుగు వద్దు. పరుగులో పేగు కుదుపులకు లోనై అర్జెంటు పెరగవచ్చు. స్వీడన్‌లో చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వారానికి మూడు నుంచి ఐదు రోజులు, రోజుకు 20 నుంచి 60 నిమిషాలు ఒళ్లు కదిలించిన ఐబీఎస్ రోగులకు పన్నెండు వారాలలో లక్షణాలు నెమ్మదించాయి. బరువు లెక్క పక్కన పెట్టినా మీకు అది అవసరమే. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద, పక్కవారితో మాట్లాడగలిగే వేగంతో అరగంట నడవండి. రాత్రి తిన్నాక ఇంట్లోనే పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే లోపలి గాలి కదులుతుంది.

మందుల గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు కాబట్టి చెబుతున్నాను. కొవ్వును అరగనివ్వకుండా బయటికి పంపే ఆర్లిస్టాట్ మాత్ర నూనె విరేచనాలు తెస్తుంది, బస్సు ప్రయాణం చేసే మీకు అది సరిపడదు. బరువు తగ్గించే టీ పొట్లాలను వెనక్కి తిప్పి చూస్తే చాలాసార్లు సునాముఖి కనిపిస్తుంది. అది విరేచనకారి, తగ్గించేది నీళ్లనే. ఈమధ్య పేరు వినిపిస్తున్న సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు నిజంగానే బరువు తగ్గిస్తాయి, కానీ వికారం, విరేచనాలు, మలబద్ధకం వాటి తొలి ఇబ్బందులు. ఎవరైనా రాసిస్తే మీకు ఐబీఎస్ ఉందని ముందే చెప్పండి. చక్కెరకు మెట్‌ఫార్మిన్ రాసినా అంతే, అదీ కొందరికి కడుపు వదులు చేస్తుంది, నెమ్మదిగా విడుదలయ్యే రకం అడగవచ్చు.

ఇక సర్వపిండి. తినండి. అందులో బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు మీకు శత్రువులు కావు. తేడా చేసేవి మూడే: నానబెట్టి కలిపే శనగపప్పు, ఉల్లిగడ్డ, నూనె. ఆరు వారాలు గడిచాక, శనగపప్పుకు బదులు నానిన పెసరపప్పు ఒక గుప్పెడు, ఉల్లిగడ్డకు బదులు ఉల్లిపొరక పచ్చటి కొసలు వేసి పిండి కలిపి, గిన్నెకు పలచగా ఒత్తండి. వేలితో రంధ్రాలు చేసేటప్పుడు మామూలుగా పది చేస్తే నాలుగు చేయండి, ఒక్కో రంధ్రంలో నాలుగు చుక్కల నూనె వేసి మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచండి. అడుగు కరకరలాడుతుంది, వాసన వస్తుంది. సగం మీరు తీసుకుని, మిగతా సగం మీ వారికి పెట్టండి.